నా పేరు చుట్టూ కూడా ఒక బ్రాకెట్టు

మహారాజశ్రీ అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి గారి సముఖానికి,

తిరుపతి నుంచి విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు మునిరత్నం నమస్కరించి చేసుకునే విన్నపం.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టుకోని వారం లేదు. 2000 జనవరి 1న మీ నాలుగో కూర్పు అమల్లోకి వచ్చినప్పుడు, ఇక నా చేతికి విశ్రాంతి లేదని మా ఆవిడతో అన్నాను కూడా. ఇప్పుడు అదే నోటితో మిమ్మల్ని బతిమాలుకోవలసి వచ్చింది. బతిమాలే ముందు ఎందుకు తిట్టుకున్నానో చెప్పడం మర్యాద.

కాలేజీ మ్యూజియంలో క్రేన్ ఫ్లైల, అంటే పొడుగు కాళ్ళ ఈగల, పెట్టె ఒకటి నా పాలబడింది. కార్తీకమాసం వానలకు కపిలతీర్థం వైపు ఇళ్ళలో అది ట్యూబులైటు చుట్టూ తాగినవాడిలా తూలుతుంటే, జనం ‘పెద్ద దోమ’ అని చీపురు అందుకుంటారు. అది కుట్టదు, రక్తం తాగదు. పట్టుకుంటే కాలు మన చేతిలో వదిలేసి ప్రాణంతో బయటపడుతుంది. ఇంత అమాయకపు పురుగుకు ఇన్ని కాగితాలా అన్నదే నా ఫిర్యాదు. ప్రపంచంలో 15,000 పైచిలుకు జాతులు. అమెరికాకు చెందిన చార్లెస్ పాల్ అలెగ్జాండర్ ఒక్కడే 11,000కు పైగా పేర్లు పెట్టాడు. ఆయన 1889లో పుట్టి 1981లో పోయాడు. ఉయ్యాలలో ఉన్న రోజులతో సహా లెక్క కట్టినా మూడు రోజులకొక బారసాల. మా ఇంట్లో ఒక్క మనవరాలి పేరు తేలడానికి వియ్యాలవారితో ఆరు నెలలు పట్టింది.

బారసాల ముగిసిందనుకుంటే కాపురాలు మారడం మొదలు. మొదట అందరినీ టిపులిడే అనే ఉమ్మడి కుటుంబంలో రాసుకున్నాం. తరవాత వేరు కాపురాలన్నారు: టిపులిడే, లిమోనిడే, పెడిసిడే, సిలిండ్రోటోమిడే. చీటీలన్నీ మళ్ళీ రాశాను. 2010లో రూపలక్షణాలనూ జన్యువులనూ కలిపి చూసినవాళ్ళు, లిమోనిడే అసలు ఒక తల్లి బిడ్డల గుంపే కాదని, పెడిసిడేను పక్కన పెట్టి మిగతావాళ్ళంతా ఒకే ఇంట ఉండడం సబబని అన్నారు. నాలుగు పొయ్యిలా, రెండు పొయ్యిలా అని మిమ్మల్ని అడిగితే, ఆ తగువు మాది కాదంటారు. ఎవరు ఎవరితో ఉండాలో శాస్త్రజ్ఞులు తేల్చుకోవాలట, ఉన్నచోట ఏ పేరుతో పిలవాలో మాత్రమే మీరు చెబుతారట. ఇంత నేర్పుగా తప్పుకోవడం పంచాయితీలలో పండిపోయిన మా మేనమామకు కూడా చేతకాలేదు.

అయితే తిరుపతిలో ఉంటూ, పేర్లు మారాయని ఈగ తరఫున ఏడ్చినందుకు తరవాత సిగ్గేసింది. నేను పుట్టింది 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లాలో. 2022 జనవరి ముసాయిదాలో మా వీధి శ్రీబాలాజీ జిల్లాకు వెళ్ళింది. ఏప్రిల్ 4 నాటికి తిరుపతి జిల్లాలో తేలింది. మా గడప అంగుళం కదలలేదు. ఊళ్ళో ఫ్లైఓవర్‌కు మొదట గరుడ వారధి అని పేరు. పూర్తయ్యేలోపే శ్రీనివాస సేతు అయింది. 2024 నవంబరులో తితిదే పాలకమండలి దాన్ని మళ్ళీ గరుడ వారధి అనాలని తీర్మానించింది. ముందు పెట్టిన పేరుదే హక్కు అనే మీ ప్రాధాన్య సూత్రం మా ఊరికి ఎవరూ నేర్పలేదు, దానంతటదే వచ్చింది. ఆటోవాళ్ళు మాత్రం రెండు పేర్లూ పక్కన పెట్టి ఫ్లైఓవర్ అనే అంటారు.

మీ గొప్పతనం నాకు బ్రాకెట్టు దగ్గర అర్థమైంది. 1758లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లిన్నేయస్ ఒక ఈగకు టిపులా ఒలరేసియా అని పేరు పెట్టాడు. అది ఇప్పటికీ టిపులా అనే ప్రజాతిలోనే, అంటే దగ్గరి చుట్టాలైన జాతుల గుంపులోనే, ఉంది కాబట్టి పక్కన ఆయన పేరు బ్రాకెట్టు లేకుండా రాస్తాం. అదే పుస్తకంలో టిపులా క్రోకాటా అన్నదాన్ని తరవాతివాళ్ళు నెఫ్రోటోమా ప్రజాతికి మార్చారు. అప్పటి నుంచి అది నెఫ్రోటోమా క్రోకాటా (లిన్నేయస్, 1758). బిడ్డ వేరే ఇంట పుట్టింది, పేరు పెట్టిన పెద్దాయన ఈయన, మేం మరిచిపోలేదు అని ఆ రెండు వంకర గీతలు చెబుతాయి. పేరు తీసేసినా మీ పద్ధతి మీదే. మైగెన్ అనే ఈగల పండితుడు 1800లో ఒక చిన్న పుస్తకంలో రెండు రెక్కల పురుగుల ప్రజాతులకు పేర్లు పెట్టి, 1803లో వాటిలో చాలావాటికి తానే వేరే పేర్లు పెట్టాడు. 1908లో పాత పుస్తకం మళ్ళీ వెలుగులోకి వచ్చి, ఈగల పండితులు రెండు పక్షాలై కొట్టుకున్నారు. చివరికి 1963లో, పేర్ల తగువులు తీర్చే మీ కమిషన్ ఆ 1800 నాటి పేర్లను కొట్టివేసింది. ఆ కొట్టివేతకు కూడా నంబరుంది: 678వ అభిప్రాయం (మీరు తీర్పును అభిప్రాయం అంటారు).

ఇక నా అర్జీ. నా పింఛను కాగితాల్లో ఒకానొక కార్యాలయంలో ఎవరో నన్ను మునిరత్నమ్మను చేశారు. అభిప్రాయం లేదు, నంబరు లేదు, బ్రాకెట్టు లేదు. గంగమ్మ జాతరలో మగవాళ్ళు ఆడవేషం కట్టడం మాకు కొత్త కాదు, చిన్నప్పుడు నేనూ కట్టాను. ఆ వేషం జాతరతో తీసేస్తాం. ఈ వేషం తీయడానికి మూడో ఏడు నడుస్తోంది.

మీ దగ్గరా లింగం మారుతుందని ఒప్పుకుంటాను. పుంలింగపు ప్రజాతి నుంచి టిపులా లాంటి స్త్రీలింగపు ప్రజాతికి వస్తే, జాతి పేరులో ‘అస్’ అని ముగిసే లాటిన్ విశేషణం ‘ఆ’ అని ముగియాల్సిందే, సూదికి గుచ్చి ఉన్నది మగ ఈగే అయినా సరే. కానీ ఆ నియమం విశేషణానికి. జాతి పేరు నామవాచకమైతే దాని చివర తాకరాదని మీ 31వ అధికరణం. మునిరత్నం నామవాచకం, మా నాన్న మొక్కుకుని పెట్టిన నామవాచకం. తరవాత ఎవరో పొరపాటున రాసిన వర్ణక్రమానికి పేరుగా నిలిచే అర్హతే లేదని మీ 33వ అధికరణం. రెండూ తెలుగులో రాసి కౌంటర్లో ఇచ్చాను. అక్కడి కుర్రవాడు ఓపికగా చదివి, “సార్, ఈ జీవో ఏ శాఖది?” అన్నాడు.

అన్నిటికంటే మనసు కష్టపెట్టింది సాక్ష్యం సంగతి. మీ లోకంలో ఒక పేరుకు ఒక హోలోటైపు, అంటే పేరు పెట్టినప్పుడు ఎంచి దాచిన ఒకే ఒక్క నమూనా, ఆధారం. అది ఎండిపోయి, ఆరు కాళ్ళలో నాలుగు రాలి, వాటిలో ఒకటి పక్కన అట్టముక్కకు జిగురుతో అంటించి ఉన్నా సరే, వందేళ్ళ తరవాత సందేహం వస్తే పండితులు దాని దగ్గరికే వెళ్ళి తలవంచి చూస్తారు. నేను ఉన్న రెండు కాళ్ళతోనూ వెళ్ళి నిలబడితే, మునిరత్నం అనే వ్యక్తి ఉన్నట్టు ఆధారం తెమ్మన్నారు. మునిరత్నమ్మ ఉన్నట్టు మాత్రం గట్టి ఆధారముంది. ఆమె బతికే ఉందని ఏటా నా వేలిముద్రతోనే పత్రం వెళుతోంది.

కాబట్టి నన్ను మీ పరిధిలోకి తీసుకోండి. నేనూ జంతువునే. టిపులాకు పేరు పడిన ఆ 1758 పుస్తకంలోనే హోమో సేపియన్స్ కూడా ఉంది. 678లాంటి నంబరు ఒకటి వేసి, ‘మునిరత్నమ్మ కొట్టివేయడమైనది’ అని ఒక్క ముక్క రాసివ్వండి. కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను. ఈగలాగా కాలు నా చేతిలో వదిలేసి వెళ్ళిపోకండి.

ఇట్లు,
మునిరత్నం
(పింఛను పుస్తకంలో మునిరత్నమ్మ, తప్పు వర్ణక్రమం)
హోలోటైపు: తిరుపతిలో, ఇంట్లోనే. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా నిద్రలో ఉంటుంది, ఆ వేళ తప్ప ఎప్పుడైనా వచ్చి పరిశీలించవచ్చు.