రాగితీగ గారికి, మెడ వదలమని మనవి

సెమిలిగూడ, కోరాపుట్ జిల్లా

గౌరవనీయులైన రాగితీగ గారికి,

మా మేడ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన కుండీలో పొట్టిగా పెంచుతున్న ముసలి పైన్ బోన్సాయ్ కుడివైపు కొమ్మని నాలుగేళ్ళుగా కౌగిలించుకుని ఉన్నది మీరే కదా, మీకే రాస్తున్నాను. అసలు ‘మీరు’ అనాల్సిన చుట్టరికం కాదు మనది. ఇంటి వైరింగ్‌లో మిగిలిపోయిన ఎర్త్ వైరు ముక్కవి నువ్వు. మా మావయ్య నీ పచ్చటి తొడుగు ఒలిచి, కుంపట్లో ఎర్రగా కాల్చి, మెత్తబరిచి మేడెక్కించాడు. కాల్చిన రాగి చెప్పినట్టు వంగుతుంది, వంగాక మళ్ళీ గట్టిపడిపోతుంది, ఆ గుణం చూసే నీకు ఉద్యోగం ఇచ్చాం. మెత్తగా వచ్చి గట్టిగా కూర్చునే వాళ్ళు మా చుట్టాల్లో కూడా ఉన్నారనుకో, కానీ వాళ్ళు పండగ వెళ్ళాకైనా బస్సెక్కుతారు.

నీకు అప్పజెప్పిన పని చాలా చిన్నది. కొమ్మ లావులో మూడో వంతు లావున్న తీగ, 45 డిగ్రీల వాలుగా చుట్లు, కొమ్మని కిందికి వంచి పట్టుకోవడం, ఆ వంపులో చెక్క కుదురుకోగానే దిగిపోవడం. ‘ఆర్నెల్లేరా, మహా అయితే ఏడాది’ అన్నాడు మావయ్య. అని, కూతురి దగ్గర ఉంటానని విశాఖపట్నం వెళ్ళిపోయాడు. నేను రోజూ నీళ్ళు పోశాను. నీళ్ళు పోయడం వేరు, చెట్టుని చూడడం వేరు అని నాకెవరూ చెప్పలేదు, చెప్పినా వినే రకాన్ని కాదులే. సూదుల్లాంటి ఆకుల గుబుర్లో నువ్వు కనపడలేదు. వానలు వెళ్ళి చలి ముదిరేలోపు పైన్ కొమ్మలు గబగబా లావెక్కుతాయి. అలాంటి కాలాలు నాలుగు గడిచాయి, కొమ్మ ఊరింది, నువ్వు మాత్రం అంగుళం సర్దుకోలేదు. బెరడు నీ మీదికి ఎక్కి, పెదవుల్లా మూసుకుపోయింది.

చూపిస్తే అమ్మ ‘అయ్యో, చిన్నపిల్లకి తొడిగిన గాజులా బిగిసిపోయిందిరా’ అంది. పక్కింటి ఒడియా పెద్దాయన కిందికీ పైకీ చూసి ‘థాఉ, థాఉ’ అన్నాడు. ఉండనీ అని. ఈ ‘థాఉ’ అనే మాట మీదే మా ఊళ్ళో సగం పనులు నడుస్తాయి కాబట్టి ఆయన్ని తప్పుపట్టను. పోనీ చుట్టుకున్నదల్లా చెడ్డదని కూడా అనను. మా ప్రాంతం 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి ఒడిశా అయింది. ఆ సరిహద్దు గీత చుట్టూ మూడు తరాలు పెరిగాం, మా తెలుగు మీద దాని నొక్కు కనపడుతుంది, గీత దాటి ఆంధ్రాలోని సాలూరు వెళ్తే కొట్టువాడు వెంటనే పట్టేస్తాడు. అయినా ఆ గీత మాకు ఊపిరాడకుండా చెయ్యలేదు. నువ్వు మాత్రం చెట్టుకి ఆకారం ఇచ్చింది నేనే కదా అన్న ధీమాతో లోపలే కాపురం పెట్టేశావు.

వాషింగ్టన్‌లో జాతీయ వృక్షశాల వారి దగ్గర ఒక తెల్ల పైన్ బోన్సాయ్ ఉంది. 1625 నుంచి మనుషుల చేతుల్లో పెరుగుతున్న చెట్టు. 1945 ఆగస్టు 6న హిరోషిమాలో బాంబు పడినప్పుడు అక్కడికి మూడు కిలోమీటర్ల దూరంలో, ఒక గోడ చాటున ఉండి బతికిపోయింది. మసారు యమాకి అనే పెద్దమనిషి దాన్ని 1976లో అమెరికాకి ఇచ్చాడు. 2001లో ఆయన మనవలు చూడ్డానికి వచ్చి చెప్తేగానీ అక్కడివాళ్ళకి ఈ సంగతే తెలీదట. అంత చరిత్ర ఉన్న చెట్టు నోరు మూసుకుని నిలబడితే, ఎర్త్ వైరు ముక్కవి, నీ గుర్తులు జీవితాంతం కనపడాలని నీకెందుకంత ఆశ?

సరే, మొన్న ఆదివారం కూర్చున్నాను. మొదట విప్పబోయాను, తప్పు. విప్పుతుంటే కొమ్మ కూడా మెలితిరుగుతుంది, చిట్లిన చప్పుడు వినగానే చేతులు చల్లబడ్డాయి. మావయ్యకి ఫోన్ చేస్తే ‘ఏటి, ఇంకా తియ్యలేదేట్రా!’ అని ముందు నాలుగు తిట్టి, తర్వాత చెప్పాడు. విప్పకూడదట, కటింగ్ ప్లయర్ కొనతో ఒక్కో చుట్టునీ ముక్కలుగా కత్తిరించి, ముక్కముక్కగా ఎత్తాలట. మూడు గంటలు పట్టింది. జిగురు కారి వేళ్ళు అంటుకుపోయాయి, మేడంతా టర్పెంటైన్ వాసన. పందొమ్మిది ముక్కలు వచ్చాయి. చివరి రెండు చుట్లు బెరడు పూర్తిగా మింగేసింది, లాగితే తోలు ఊడొస్తుంది కాబట్టి వదిలేశాను. అంటే నువ్వు గెలిచావు, రెండు చుట్ల మేరకి.

ఆ ఊపులో కత్తెర కూడా పట్టాను. వెనక కొమ్మని మందారాన్ని నరికినట్టు ఒక్క సూది కూడా మిగల్చకుండా మోడు చేశాను. ముసలి పైన్ అలాంటి మోడు నుంచి చిగురెయ్యదు, ఎండిపోతుంది. అది నీ ఖాతాలో వెయ్యను, నాదే. నల్ల పైన్‌కి వేసవి మొదట్లో కొవ్వొత్తుల్లా లేచే చిగుళ్ళు తుంచేస్తే రెండో విడతలో పొట్టి సూదులొస్తాయి కానీ, ఆ పని బలంగా ఉన్న చెట్టుకే చెయ్యాలి. ఈ ఏడాది ఆ జోలికి పోను. ముందు అది కోలుకోవాలి, నేనూ కోలుకోవాలి.

నీ ముక్కలన్నీ బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి. పాత సామాన్లవాడు రాగికి మంచి రేటిస్తానన్నాడు, కోపంగా ఉంది గానీ కాదనను.

ఒక్కటే ఇబ్బంది. నువ్వు దిగాక పక్కనున్న చిన్న కొమ్మ రెండంగుళాలు పైకి లేచిపోయింది. వంపు ఇంకా కుదరలేదట, మళ్ళీ చుట్టాలట. అందుకని వచ్చే ఆదివారం సాలూరు వెళ్తున్నాను, అల్యూమినియం తీగ కొనడానికి. ఫోన్లో ఆర్నెల్లకి అలారం పెట్టాను. డబ్బాలోంచి నవ్వకు.

ఇట్లు,
నీళ్ళు పోసేవాడు