అంచనా వ్యయంతో సహా మా ఊరి చరిత్ర

గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో ఉన్న మా ఊరికి చరిత్ర లేదనేవారు ఎన్నడూ ఇక్కడ బస్సు దిగి ఉండరు. ఊరి మొదట్లో కల్వర్టు పక్కన, పంచాయతీ ఆఫీసు గోడకు, ఓవర్‌హెడ్ ట్యాంకు కింద, చివరికి శ్మశానం గేటు దగ్గర కూడా, నల్ల గ్రానైటు మీద బంగారు రంగు అక్షరాలతో మా గతమంతా భద్రంగా ఉన్నది. పూర్వపు రాజులకు శాసనం చెక్కించడం ఎంత చేతకాదో తెలియాలంటే వారి రాళ్ళను మా రాళ్ళ పక్కన పెట్టి చదవాలి.

మాకు దగ్గరలోని చేబ్రోలు శాసనాన్నే చూడండి. శాతవాహన రాజు విజయుని కాలానిదని, క్రీ.శ. 207 నాటిదని, దక్షిణ భారతంలో అంతవరకు దొరికిన సంస్కృత శాసనాలలో అదే పాతదని 2019లో పురావస్తు శాఖవారు ప్రకటించారు. కార్తికుడనే వ్యక్తి ఒక ప్రాసాదాన్ని, మండపాన్ని కట్టించి విగ్రహాన్ని ప్రతిష్ఠించాడని అందులో ఉన్నది. ప్రొటోకాల్ తెలిసిన వారెవరైనా ఇది చదివి నొచ్చుకోక తప్పదు. పని పూర్తయిన తరువాత రాయి వేయడమేమిటి? అందులోనూ పని చేసినవాని పేరు వేయడమేమిటి? అధ్యక్షత వహించినదెవరో, విశిష్ట అతిథులెవరో, నిధులు ఏ పద్దు కిందివో ఎక్కడా లేదు.

మా కల్వర్టు దగ్గరి ఫలకం అలాంటి పొరపాట్లకు తావివ్వలేదు. సిమెంటు రోడ్డుకు ఫలానావారి కరకమలములచే శంకుస్థాపన గావింపబడినదని, అంచనా వ్యయం ఇన్ని లక్షలని మొదలుపెట్టి, పదవి తగ్గేకొద్దీ అక్షరం సైజు తగ్గిస్తూ, వార్డు సభ్యుల దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ళ మీద కూర్చుంటే తప్ప కనిపించనంత చిన్నగా ముగించారు. రోడ్డు రాలేదు. రాకపోవడం ఒకందుకు మేలే అయింది. రోడ్డు వేసి ఉంటే ఎత్తు పెరిగి వార్డు సభ్యులు కాంక్రీటులో కలిసిపోయేవారు. మెయిన్ రోడ్డు మీది కిలోమీటరు రాయికి పట్టిన గతి అదే. తారు మీద తారు పోసినందువల్ల మా ఊరి పేరు భూగర్భంలోకి వెళ్ళి, గుంటూరు ఎంత దూరమో మాత్రం పైకి కనిపిస్తున్నది.

ప్రభుత్వం మారినప్పుడు పాత ఫలకం మీది పెద్ద పేరుకు సుత్తిదెబ్బ తగలడాన్ని కొందరు విధ్వంసమంటారు. చరిత్రకారులు దానిని ఆధారాల పునఃపరిశీలన అంటారు కాబట్టి మేమూ అలాగే అంటున్నాము.

ఈ ఫలకాల పద్ధతికి లొంగనిది పెదనందిపాడు ఫిర్కా (కొన్ని ఊళ్ళు కలిసిన రెవెన్యూ విభాగం) సంగతి ఒక్కటే. 1922లో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వాన అక్కడి రైతులు సర్కారుకు శిస్తు ఎగవేశారు, గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చారు, గాంధీజీ ఆపమనేదాకా దొరతనానికి ఊపిరాడలేదు. మహత్తరమైన ఉద్యమమే, కాదనము. కానీ కట్టకపోవడమే ఘనకార్యమైన చోట అంచనా వ్యయం గడిలో ఏమి రాయాలి? అప్పటి రైతులు ఈ ఇబ్బందిని ముందుగా ఆలోచించవలసింది.

ఇదిలా ఉండగా, మా చెరువు రేవులో బట్టలుతికే బండ ఒకటి ఉన్నది. నీళ్ళు తగ్గినప్పుడు దాని అంచున నాలుగు వరసల పాత లిపి కనిపిస్తుంది. అయిదో వరస సబ్బుకు అరిగిపోయింది. దానిని ఒడ్డుకు చేర్చి కాపాడాలని కాలేజీ కుర్రవాళ్ళు అర్జీ పెడితే పెద్దలు వెంటనే ఒప్పుకున్నారు. రాతి తరలింపుకు శంకుస్థాపన చేయాలని, అందుకు ఒక ఫలకం వేయించాలని తీర్మానం కూడా అయింది. తీరా రాయబోతే పేర్లు ఒక ఫలకానికి సరిపోవడం లేదు. రెండవ ఫలకానికి డబ్బు లేదని గుమాస్తా వాపోతుంటే, అనుభవజ్ఞుడైన మాజీ సర్పంచి ఒకాయన మార్గం చెప్పారు: మిగిలిన పేర్లను ఆ బండ వెనకవైపు చెక్కిస్తే సరి, అటువైపు ఎటూ ఖాళీగానే ఉన్నది కదా అని.