వెళ్ళొస్తానండీ

ఆదివారం తెనాలిలో నేను చేసిన ఘనకార్యం ఈపాటికి చుట్టాలందరికీ తెలిసే ఉంటుంది. మా బావమరిది నోరు అలాంటిది. అందుకే నేనే చెప్పేస్తున్నా.

ఆఫీసులో నా పక్క సీటాయన తండ్రి పోయారు. బావమరిదికీ తెలిసినవాళ్ళే కాబట్టి విజయవాడ నుంచి అతని కారులోనే పరామర్శకు వెళ్ళాం. గుమ్మంలో అడుగు పెడుతూనే "బాగున్నారా అండీ?" అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. అది మాట కాదు, దగ్గు లాంటిది. పాపువా న్యూగినీ వైపు ట్రోబ్రియాండ్ దీవుల్లో జనంతో కలిసి బతికొచ్చిన మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1923లోనే రాశాడట, ఇలాంటి పలకరింపుల్లో అర్థానికి పెద్ద పని లేదు, మనిషికీ మనిషికీ ముడి పడితే చాలునని. మనం మాత్రం "భోంచేశారా?" అని విస్తరి వేసే ఉద్దేశంతోనే అడుగుతామా?

కూర్చున్నాం, లేచాం. చేతులు జోడించాను.

ఇక్కడ నా తప్పెంతో మీరే చెప్పండి. చిన్నప్పుడు "వెళ్తాను" అంటే మా నాయనమ్మ మొట్టికాయ వేసేది, "వెళ్ళొస్తాను అనరా" అని. ఆవిడ ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరదు, కొండెక్కుతుంది. బయల్దేరిన మనిషిని "ఎక్కడికి" అనకూడదు, "ఎందాకా" అనాలి. ఇన్ని నేర్పిన మనిషి, చావింట్లో మాత్రం ఆ "వెళ్ళొస్తాను" పనికిరాదని ఒక్క ముక్క చెప్పలేదు. ఎవరూ చెప్పరు. మనం నోరు జారాక అందరూ చెబుతారు.

"వెళ్ళొస్తానండీ" అన్నాను. అదీ ఖంగుమని. అది చాలదన్నట్టు దాని తోక కూడా దొర్లింది: "ఈసారి తీరిగ్గా వస్తాను."

హాల్లో ఫ్యాను చప్పుడు అప్పుడే మొదటిసారి వినబడింది. సీటాయన గోడమీది క్యాలెండరు శ్రద్ధగా చదువుతున్నాడు. బావమరిది అప్పటికే బయట చెప్పుల దగ్గరున్నాడు. చెప్పకుండా జారుకోవాలని ఆ మహానుభావుడికి తెలుసు! దారి పొడుగునా క్రికెట్ పురాణం విప్పే బదులు ఆ ముక్కేదో నా చెవిన వేస్తే నోటి ముత్యాలు రాలిపోతాయా?

మూల పడక్కుర్చీలో పోయినాయన అన్నగారున్నారు. తొంభై ఉంటాయి. నన్ను తేరిపార చూశారు.

"ఇంకెవరి కోసం నాయనా? ఇంట్లో పెద్దవాణ్ణి ఇక నేనొక్కణ్ణేగా."

ఎలా బయటపడ్డానో గుర్తులేదు. ఇంటికొచ్చి, స్నానానికి వెళ్ళబోతూ చూసుకుంటే ఎడమకాలి చెప్పు నాది కాదు.