పాట పాతదే, సభ మారింది

1986లో అమెరికాలోని కెంటకీ చట్టసభకు వచ్చిన జపాన్ విద్యార్థులు మర్యాదకొద్దీ ఆ రాష్ట్ర గీతం పాడారు. 1853 నాటి ఆ పాటలో నల్లజాతివాళ్లను కించపరిచే మాట ఒకటి ఉంది. పిల్లలు దాన్నీ ఉన్నదున్నట్టు పాడేశారు. దిగువ సభలో అప్పటికి నల్లజాతి సభ్యుడు ఒక్కరే. ఆయన తీర్మానం పెట్టారు, మాట మారింది. 1928లో ఆ పాటను రాష్ట్ర గీతం చేసినప్పుడు మాత్రం అభ్యంతరం చెప్పడానికి సభలో నల్లజాతి సభ్యుడే లేడు.

‘తాతల నాటి పాటకు ఇప్పుడు తప్పులెంచుతారేం?’ అని విసుక్కునేవాళ్లకు జవాబు ఇక్కడే ఉంది. నొప్పి కొత్తది కాదు, చెప్పుకునే చోటు కొత్తది. పైగా జనం నోట పుట్టాయని మనం అనుకునే అమెరికా పాటల్లో చాలావాటికి స్టేజీయే పుట్టిల్లు. పంతొమ్మిదో శతాబ్దంలో తెల్లనటులు మొహానికి మసి పూసుకుని, బానిసల నడకనూ యాసనూ వెక్కిరిస్తూ ఆడిన ప్రదర్శనలవి. వాటిలో ‘జిమ్ క్రో’ అనే పాత్ర పేరే తర్వాత జాతివివక్ష చట్టాలకు పేరయింది. రాసినవారి పుట్టుకను చూసి తీర్పు చెబుదామన్నా కుదరదు. వర్జీనియా 1997లో పక్కన పెట్టిన రాష్ట్ర గీతాన్ని రాసింది నల్లజాతి కవే!

ఇదంతా సముద్రాల అవతలి గొడవ అనుకోవడానికి విశాఖకు వీల్లేదు. మన యాసను సినిమావాళ్లు ఎన్నేళ్లు పనివాళ్ల పాత్రలకూ కామెడీ ట్రాక్‌కూ అంటగట్టారో మనకు తెలుసు. హాల్లో నవ్వాం కూడా. అదే మనం స్కూలు వార్షికోత్సవం రాగానే పిల్లల ఒంటికి నల్లరంగు పూసి, నడుముకు ఆకులు చుట్టి, అర్థం లేని కూతలతో ‘కోయ డాన్స్’ ఆడిస్తాం. అరకు ధింసాలో రంగూ లేదు, కూతలూ లేవు. చేతులు కలిపి, డప్పుకూ సన్నాయికీ అడుగు కలిపే ఆట అది. 2022 దాకా పాడేరు, అరకు మన జిల్లాలోనివే. అక్కడి పిల్లలు ఇవాళ ఇక్కడి కాలేజీల్లో మన పక్క బెంచీలో కూర్చుంటున్నారు. స్టేజీ మీద తమ పేరుతో జరుగుతున్న ఆ తంతును వాళ్లూ చూస్తున్నారు.

కేసులు పెట్టి పాటల నోరు నొక్కమని మేం అనడం లేదు. కులం పేరు తిట్టుగా వాడిన పాటలైనా సరే చెరిపేయకూడదు. చరిత్ర చదివేవాళ్లకు అవి సాక్ష్యాలు. విశ్వవిద్యాలయాలు వాటిని రికార్డు చేసి, ఎవరు ఎవరి మీద పాడారో వివరంగా రాసిపెట్టాలి. పండగ వేదికల సంగతి వేరు. విశాఖ ఉత్సవ్ కైనా, బడి వార్షికోత్సవానికైనా కార్యక్రమాలు ఎంపిక చేసే కమిటీలో గిరిజన కళాకారులకు చోటివ్వాలి. ఏ పాట ఉండాలో, ఏది వద్దో వాళ్లు చెప్పాక పట్టించుకోకపోతే ఆ చోటు ఇచ్చి ప్రయోజనం లేదు. రంగు డబ్బాలు మాత్రం ఏ కమిటీ కోసమూ ఆగకుండా ఈ ఏడాదే మూసేయొచ్చు.