రెండు రోజుల్లో సిసిలీనా?

ఇటలీలోని సిసిలీని రెండు రోజుల్లో చుట్టేయొచ్చని ఎవరో ఓ పోస్టులో రాశారు, అది మాత్రం ఒప్పుకోను. మధ్యధరా సముద్రంలో అన్నిటికన్నా పెద్ద దీవి అదే, సుమారు 25 వేల చదరపు కిలోమీటర్లు, పిల్లల్నీ అత్తమ్మనీ వెంటేసుకుని పరుగులు పెడితే మిగిలేది ఒళ్లు నొప్పులే. మేం ఆగస్టులో పది రోజులు వెళ్లి అక్కడి కతానియా నగరంలోనే మకాం పెట్టాం. విమానం వద్దనుకుని రోమ్ నుంచి రైలెక్కాం, ఎందుకంటే ఇటలీ ప్రధాన భూభాగానికీ ఈ దీవికీ మధ్యనున్న మెస్సినా జలసంధి దగ్గర రైలు పెట్టెల్ని విడదీసి, పట్టాల మీదుగానే ఓడ కడుపులోకి తోసేస్తారు. మావాడు కిటికీకి ముక్కు ఆనించి కిక్కురుమనకుండా చూశాడు, వాడికి ఎట్నా అగ్నిపర్వతం కన్నా అదే గుర్తుంది.

పొద్దున టిఫిన్ అంటే అక్కడ గ్రనీటా అనే బాదం ఐసు, ముంచుకోడానికి మెత్తటి బ్రియోష్ బన్ను. పొద్దున్నే ఐసేంటని గొణిగిన అత్తమ్మ మూడో రోజుకి అందరికన్నా ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డారు! ఆవిడ శాకాహారి, వేయించిన వంకాయ ముక్కలు, టమాటా వేసే పాస్తా అల్లా నోర్మాతో నెట్టుకొచ్చేశారు. అరన్చీని అనే అన్నం ఉండల్లో చాలావాటిలో మాంసం ఉంటుంది, అడిగి తీసుకోండి.

ఇంకోటి, ఆగస్టు 15న ఫెర్రాగోస్తో పండగ, కొట్లు చాలావరకు మూసేస్తారు. పాలు, నీళ్లు ముందురోజే కొనిపెట్టుకోండి. మేం కొనలేదు.