గుడారం వేసే ముందు ఊరిని అడగండి

విశాఖ నుంచి భీమిలి దాకా వీపున సంచి వేసుకుని ఇసుక మీదుగా నడవడం, రాత్రి తీరంలోనే గుడారం వేసుకుని పడుకోవడం మన యువతకు ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. ఇది నాకెంతో ఇష్టమైన పని కాబట్టి కొంచెం కోపంగానే రాస్తున్నాను. ‘ఎవరూ లేని తీరంలో ఒక రాత్రి’ అని ఫొటోలు పెడుతున్నారు. మన తీరంలో ఎవరూ లేని చోటు ఎక్కడుంది? జోడుగుళ్ళపాలెం, మంగమారిపేట, చేపల తిమ్మాపురం, నేరెళ్ళవలస, ఇవన్నీ మనుషులున్న ఊళ్ళు. ఆ ఇసుక వాళ్ళ వాకిలి. వల ఆరేది అక్కడ, చేప ఎండేది అక్కడ, పడవ నిలిచేది అక్కడ.

నడక సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే నిజంగా నడిచినవారికే ఈ తీరం విలువ అర్థమవుతుంది. రామకృష్ణా బీచ్ నుంచి భీమిలికి 25 కిలోమీటర్ల పైమాటే. చీకటి ఉండగానే బయలుదేరాలి. తెన్నేటి పార్కు కింద రాళ్ళు అడ్డొస్తాయి, అక్కడ రోడ్డెక్కక తప్పదు. ఆ తరువాత మళ్ళీ ఇసుక. మన సముద్రానికి రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు. పాటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గితే బయటపడే తడి ఇసుక గట్టిగా ఉంటుంది, కాలు దిగదు. పోటు వేళ మెత్తటి పొడి ఇసుకలోకి వెళ్ళాల్సిందే, అక్కడ ప్రతి అడుగూ కూరుకుపోతుంది. తీరం సముద్రం వైపు వాలి ఉంటుంది కాబట్టి భీమిలి వైపు నడిచేవారికి కుడికాలు రోజంతా పల్లంలోనే పడుతుంది. సాయంత్రానికి తుంటి నొప్పి పుట్టేది అందుకే. మనిషికి 4, 5 లీటర్ల నీళ్ళంటే 4, 5 కిలోల బరువు, చాలా గుడారాలకంటే ఎక్కువ. దారిలో ఊళ్ళున్నాయి, టీ కొట్లున్నాయి, కాబట్టి అంతా ఒకేసారి మోయనక్కర్లేదు. వానలు పడ్డ తరువాత వెళితే గెడ్డలు, అంటే చిన్న వాగులు, సముద్రంలో కలిసే చోట ఇసుక కోసుకుపోయి ఉంటుంది, చూసుకుని దాటాలి. భీమిలి దాటి ఇంకా ముందుకు పోదామనుకునేవారు గోస్తనీ నది ముఖద్వారాన్ని కాలినడకన దాటే సాహసం చేయకండి. వంతెన మీదుగా చుట్టు తిరిగి రండి.

రుషికొండ దగ్గర జనం ఎక్కువ, అక్కడ ఆగాల్సిన పని లేదు. పైన తొట్లకొండ మీద 2 వేల ఏళ్ళ కిందటి బౌద్ధారామం ఉంది, ఓపిక ఉంటే ఎక్కి రావచ్చు. మంగమారిపేట దగ్గర అలలు తొలిచిన రాతి తోరణాన్ని పాటు వేళ దగ్గరి నుంచి చూడవచ్చు. దాని మీదికి ఎక్కకండి.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర మాత్రం నా మాట కాస్త గట్టిగా ఉంటుంది. వేల ఏళ్ళుగా సముద్రమట్టం పెరుగుతూ తగ్గుతూ ఉండగా గాలి, నీరు కలిసి పోసిన ఇసుక అది. ఇనుము తుప్పు పట్టి ఆ ఎరుపు వచ్చింది. ఇలాంటి తీర దిబ్బలు మనకు దగ్గరలో తమిళనాడులో, శ్రీలంకలో తప్ప పెద్దగా లేవు. 2014లో భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ దీన్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అంత గుర్తింపు ఉన్నా జనం అంచుల మీద కూర్చుని జారుతున్నారు, గోడల మీద పేర్లు చెక్కుతున్నారు, గుడారం మేకులు దిగగొడుతున్నారు. అది రాయి కాదు, వదులుగా అంటుకున్న ఇసుక. ఒక్కసారి విరిగితే మన జీవితకాలంలో తిరిగి రాదు. దిబ్బల మీద రాత్రి ఉండకండి. ఇందులో బేరం లేదు.

ఇక గుడారం. ఏ ఊరి దగ్గర చీకటి పడుతుందో ఆ ఊళ్ళోకి వెళ్ళి ఒక పెద్దమనిషిని అడగండి. నేను అడిగిన ప్రతిచోటా జవాబు ఇంచుమించు ఒకటే: “అక్కడ వద్దు బాబూ, తెల్లవారుజామున పడవలు దిగుతాయి. ఆ సరుగుడు తోట పక్కన వేసుకోండి.” పగలు ఖాళీగా కనిపించిన జాగా, మీరు నిద్రలో ఉన్న వేళకు పది మంది కలిసి పడవను నీళ్ళలోకి తోసే దారి. అడగకుండా వేసుకున్నవాడు వాళ్ళ పని చెడగొడతాడు, తనూ దెబ్బ తింటాడు. అడిగినవాడికి మంచినీళ్ళు దొరుకుతాయి, మర్నాడు సముద్రం ఎలా ఉండబోతోందో తెలుస్తుంది, చాలాసార్లు వేడివేడి చేపల పులుసు కూడా దొరుకుతుంది.

మంట వేసుకోవద్దనే నా సలహా. వేసుకున్నా, పొద్దున్నే దాని మీద ఇసుక కప్పి వెళ్ళిపోయేవాళ్ళను చూస్తే నా ఒళ్ళు మండుతుంది. ఇసుక కింద నిప్పు ఆరదు, గంటల తరబడి వేడి దాచుకుని ఉంటుంది. కాసేపటికి అదే చోట వల లాగేవాళ్ళు ఉత్త కాళ్ళతో నడుస్తారు, పిల్లలు పరుగెడతారు. సముద్రపు నీళ్ళు పోసి, చేత్తో తాకి చూసి, అప్పుడు కదలండి.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఇంకో సంగతి. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఈ ఇసుకలోకే వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గూటిలో ఇంచుమించు 100 గుడ్లు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొచ్చి, ఎటు వెలుగు కనిపిస్తే అటు పరుగెడతాయి. మామూలుగా ఆ వెలుగు సముద్రం మీదిది. మీ గుడారం దగ్గర తెల్ల దీపాల తోరణం ఉంటే అవి మీ వైపే వచ్చి, తెల్లారేసరికి కాకుల పాలవుతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ తాబేలును అత్యున్నత రక్షణ ఉన్న జాబితాలో పెట్టింది. 2019 నాటి తీర నియంత్రణ నిబంధనలు తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్లనూ, ఇసుక దిబ్బలనూ అత్యంత సున్నితమైన ప్రాంతాల కిందే చేర్చాయి. ఆ నెలల్లో నడవండి, కానీ చీకటి పడగానే బస్సెక్కి ఇంటికి వచ్చేయండి. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటిందని ఈ ఊరివాళ్ళకు గుర్తుచేయనక్కర్లేదు. మండుటెండల్లో, వానల్లో గుడారం ఎలాగూ కుదరదు. కాబట్టి ఇసుక మీద పడుకోవడానికి మిగిలేది డిసెంబరు చుట్టూ కొద్ది వారాలే. ఏ కాలమైనా నడిచి అలసిన ఒంటితో స్నానానికి దిగకండి. అల విరగకుండా, చదునుగా, ప్రశాంతంగా కనిపించే చోటే లోపలికి లాగే ప్రవాహం ఉంటుంది. దానిలో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకుండా ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది డబ్బు పుచ్చుకుని గుడారాల్లో రాత్రి బస ఏర్పాటు చేసే వ్యాపారం. నాలుగు కర్రలు పాతి తాడు కట్టి, లోపల పెద్ద శబ్దపెట్టెలు, రంగు దీపాలు, ప్లాస్టిక్ పళ్ళేలు. ఊళ్ళోవాళ్ళు ఆ తాడు చుట్టూ తిరిగి తమ పడవ దగ్గరికి పోవాలి. లాభం మాత్రం ఊరికి రాదు. ఇక్కడ రాత్రి బస నడిపే హక్కు మత్స్యకార సంఘాలకే ఇవ్వాలని నేను గట్టిగా అనుకుంటున్నాను. ఎన్ని గుడారాలు, ఎక్కడ, ఏ నెలల్లో అన్నది ఊరు, అటవీశాఖ కలిసి తేల్చాలి. దీపం, మంట, శబ్దం మీద నిషేధం ఉండాలి. రుసుము ఊరి ఖాతాలో పడాలి. వచ్చే డిసెంబరు నడకల కాలానికి ముందే జిల్లా యంత్రాంగం ఈ ఊళ్ళ పెద్దలను కూర్చోబెట్టి మాట్లాడాలి.