కుడి లేన్ లారీ గారికి ఒక ఉత్తరం

మహారాజశ్రీ కుడి లేన్ లారీ గారికి,

వనస్థలిపురం కాపురస్థుడు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమంతా మీ వెనకాలే క్షేమం. మీరు క్షేమమేనని తెలుస్తూనే ఉంది, మీరు తప్ప మాకు ఇంకేమీ కనిపించడం లేదు కనుక.

నేను చౌటుప్పల్‌లో ఉద్యోగం చేస్తాను. సాయంత్రం 65 నంబరు జాతీయ రహదారి మీద (మా నాన్న ఇప్పటికీ తొమ్మిదో నంబరు రోడ్డనే అంటాడు) ఇంటికొస్తుంటే మీ దర్శనభాగ్యం. మీ వెనక తలుపు మీది సాహిత్యమంతా కంఠతా వచ్చేసింది. "నన్ను చూసి ఏడవకురా" అని పసుపు రంగులో రాయించారు. ఏడవక ఏం చేయమంటారు? దిష్టికి కట్టిన పాత చెప్పు మీరు బ్రేకు వేసినప్పుడల్లా ఊగుతుంది. నిన్న దాన్ని ఎంతసేపు చూశానంటే, అది ఎడమకాలి చెప్పని కూడా తేలింది.

నిన్న తూప్రాన్‌పేట దాటాక మీరు ఇంకో సిమెంటు లారీని ఓవర్‌టేక్ చేయాలని సంకల్పించారు. ఆయనది 60 స్పీడు, మీది 62. ఇంటికెళ్లి లెక్కేశాను. గంటకు 2 కిలోమీటర్ల తేడా అంటే సెకనుకు అర మీటరు చిల్లర. మీ ఇద్దరి పొడవు, ముందూ వెనకా వదలాల్సిన జాగా కలిపి ఒక 60 మీటర్లు అనుకుందాం. అది దాటడానికి మీకు 108 సెకన్లు. ఆ లోపు రోడ్డు దాదాపు 1.9 కిలోమీటర్లు అయిపోయింది. ఒకవైపుకి ఉన్నవే రెండు లేన్లు. రెండూ మీ ఇద్దరివే. పెళ్లి ఊరేగింపు కూడా ఇంతకంటే తొందరగా కదులుతుంది, పైగా అందులో బ్యాండ్ అన్నా ఉంటుంది.

రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో కారు ఒకటైతే, బైకు అర, మీరు మూడు. అంటే మీరొక్కరు మూడు కార్ల చోటు తింటారని. పక్కపక్కన ఇద్దరు నడిచినప్పుడు ఎంతవుతారో ఆ లెక్క కట్టినవాళ్లు మీ వెనక నిలబడి చూడాలి. మీ బ్రేకు లైటు వెలగగానే మొదటి కారువాడు కాస్త తొక్కుతాడు, రెండోవాడు భయానికి ఇంకాస్త తొక్కుతాడు, అలా వెనక్కి పోయేకొద్దీ ఎక్కడో ఒకడు పూర్తిగా ఆగిపోతాడు. మీరు ఎడమకు జరిగి వెళ్లిపోయాక కూడా వెనక ఆ ఆగుడు ఆగదు. చివర్లో ఉన్నవాడికి మీరు కనిపించనే కనిపించరు. యాక్సిడెంట్ అయిందేమో అని కిటికీలోంచి తల బయటపెట్టి చూస్తుంటాడు.

న్యాయంగా చెప్పాలంటే ఎడమ లేన్‌లోకి పొమ్మనే నోరు మాకూ లేదు. అక్కడ రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకులు, ఇటుకల ట్రాక్టర్లు, చేయెత్తితే ఆగిపోయే షేర్ ఆటోలు. అంత బరువుతో అక్కడ ఒకసారి ఆగితే మళ్లీ ఊపందుకోవడానికి ఎన్ని గేర్లు మార్చాలో మీకే తెలుసు. అందుకే కుడి పట్టుకున్నారు. సరే. కానీ ఆ తొందర ఎందుకో మాత్రం నిన్నటిదాకా అర్థం కాలేదు.

పెద్ద అంబర్‌పేట దగ్గర చాయ్‌కి ఆగాను. రోడ్డు పక్కన లారీల వరస. పగలు సిటీలోకి ఎంట్రీ లేదు కదా, పొద్దుపోయేదాకా అందరూ అక్కడే. వరసలో పసుపు అక్షరాలు గుర్తుపట్టాను. మీరే. మీ వెనకాలే, మీరు 108 సెకన్లు కష్టపడి దాటిన ఆ సిమెంటు లారీ. మీ ఇద్దరి డ్రైవర్లూ బల్ల మీద కూర్చుని వన్ బై టూ చాయ్ తాగుతున్నారు.

ఇట్లు,
మీ ఎడమకాలి చెప్పు తెలిసినవాడు

తా.క.: గురువారం మా ఇంటి స్లాబు. సిమెంటు రాత్రి పదకొండు దాటాక వస్తుందని షాపువాడు చెప్పాడు, మేస్త్రీ పొద్దున ఆరింటికే దిగుతానంటున్నాడు. ఇంట్లో ఒకటే టెన్షన్. ఆ లోడు తమరిదే అయితే దయచేసి ఆలస్యం చేయకండి. దారిలో ఎవరైనా అడ్డం ఉంటే ఓవర్‌టేక్ చేసి రండి.